ఓడ లేని శాఖలో సముద్ర శాస్త్రం పీజీ శిక్షణ: చేతిలో ఉన్న లక్షన్నర దేని మీద పెట్టాలి?

తీరగాలి (ప్రశ్న)

నమస్కారమండీ. మాది ఉత్తర కోస్తాలో ఒక పీజీ శాఖ. మెరైన్ బయాలజీ ఎం.ఎస్సీ. రెండో ఏడాదిలో 14 మంది ఉన్నారు. సగం మంది జువాలజీ నుంచి వచ్చారు, మిగతావాళ్లు డిగ్రీలో కెమిస్ట్రీ చదివినవాళ్లు. శిక్షణ పద్దు కింద లక్షన్నర రూపాయలు వచ్చాయి. మార్చి 31లోగా ఖర్చు చూపించాలి.

ల్యాబ్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్, సెంట్రిఫ్యూజ్, లవణీయత చూసే చేతి రిఫ్రాక్టోమీటర్, కోరిన లోతులో మూసి నీళ్లు తెచ్చే 5 లీటర్ల నిస్కిన్ సీసా ఒకటి, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్లు 8 ఉన్నాయి. సొంత పడవ లేదు, సీటీడీ (లోతువారీగా ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరం) లేదు.

శాఖలో మూడు మాటలు నడుస్తున్నాయి. బోటు మాట్లాడి అందరినీ ఒకరోజు సముద్రంలోకి తీసుకెళ్దామని ఒకటి. ఏదైనా పెద్ద సంస్థకు వారం రోజులు పంపుదామని రెండోది. ఈ డబ్బుతో నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కోచింగ్ పెట్టించేస్తే పిల్లలకు నేరుగా పనికొస్తుందని మూడోది. నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టులు జనవరిలో మొదలవుతాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఏది చేయమంటారు?

లోతుపాతు

వారం రోజుల సందర్శన మాట ముందు కొట్టేయండి. 14 మంది ఒక పరికరం చుట్టూ నిలబడి ఫొటోలు దిగి రావడానికి అంత ఖర్చు దండగ. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), ప్రాజెక్ట్ అసోసియేట్ ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ఎక్కడ తడబడతారంటే, ఒక అంకె చూపించి "ఇది నమ్మొచ్చా, ఎందుకు?" అని అడిగిన చోట. ఆ ఒక్కటి నేర్పగలిగితే చాలు. దానికి రూపాయి ఖర్చు లేని రెండు అభ్యాసాలున్నాయి. మీ 8 కంప్యూటర్లు సరిపోతాయి.

మొదటిది విశాఖ సముద్రమట్టం. విశాఖ టైడ్ గేజ్ (సముద్రమట్టం కొలిచే పరికరం) నెలవారీ సగటులు 1937 నుంచి పీఎస్‌ఎంఎస్‌ఎల్ (సముద్రమట్టం రికార్డులు భద్రపరిచే సంస్థ) సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫైల్లో నాలుగు నిలువు వరుసలుంటాయి: దశాంశంలో సంవత్సరం, మిల్లీమీటర్లలో మట్టం, లెక్కకు రాని రోజులు, ఫ్లాగ్ (డేటా నాణ్యత గుర్తు). పిల్లలు పడే గోతులు వరుసగా ఇవి:

అంకెలన్నీ 7000 దగ్గర్లో కనిపించగానే కంగారు పడతారు. రుణసంఖ్యలు రాకూడదని ఆధారరేఖను కావాలనే అంత కిందికి పెట్టారు, అంతే. డేటా లేని నెలకు −99999 అని ఉంటుంది. అది తీసేయకుండా సగటు కడితే సముద్రం పాతాళానికి దిగిపోతుంది. ఆ తర్వాత అసలు తప్పు: రుతువుల ప్రభావం తీయకుండా సరళరేఖ గీసేయడం. బంగాళాఖాతం పడమటి ఒడ్డున మట్టం మార్చి–ఏప్రిల్‌లో బాగా తగ్గి అక్టోబరు–నవంబరులో పెరుగుతుంది. రికార్డులో ఖాళీలు ఉన్నాయి కాబట్టి, వేసవి నెలలు ఎక్కువగా పోయిన దశాబ్దం ఒకటుంటే రేఖ వాలు మారిపోతుంది. ముందు ప్రతి నెలకూ దీర్ఘకాలిక సగటు కట్టి తీసేసి, మిగిలినదానికి రేఖ గీయాలి. ఒక నెల మట్టానికీ పక్క నెల మట్టానికీ సంబంధం ఉంటుంది కాబట్టి ఎక్సెల్ ఇచ్చే దోషం అంచనా ఉండాల్సినదానికన్నా తక్కువగా వస్తుంది. ఆఖరున ఒక ప్రశ్న అడగండి: గేజ్ కొలిచేది నేలతో పోల్చిన మట్టం కదా, నేలే కుంగితే? ఈ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పినవాడు ఇంటర్వ్యూలో నిలబడతాడు.

రెండోది ఆర్గో. ఈ తేలియాడే యంత్రాలు 1000 మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి 2000 మీటర్లకు దిగి, పైకొస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తాయి. బంగాళాఖాతంలో ఒక ఫ్లోట్ ఎంచుకుని ఏడాది ప్రొఫైళ్లు (లోతువారీ కొలతలు) తీసుకోండి. ఫైల్లో లవణీయత రెండు చోట్ల ఉంటుంది, ముడిది ఒకటి, సవరించినది ఒకటి. డేటా మోడ్ 'ఆర్' అయితే ముడిదే దిక్కు. 'ఏ' లేదా 'డి' అయితే సవరించినదే వాడాలి. ఫ్లాగ్ 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. కొన్ని సెన్సర్లు వయసు మీద పడ్డాక ఉన్నదానికంటే ఎక్కువ ఉప్పు చూపిస్తాయి. ఫ్లాగ్ చూడకుండా గ్రాఫ్ గీస్తే బంగాళాఖాతం అరేబియా సముద్రంలా కనిపిస్తుంది. ఇంకొకటి, ఫైల్లో ఉండేది డెసిబార్లలో పీడనం. దాన్నే మీటర్లనుకుని రాసేస్తారు. పై నీళ్లలో పెద్ద తేడా ఉండదు గానీ 2000 దగ్గరికి వచ్చేసరికి సుమారు ఇరవై మీటర్లు తప్పుతుంది.

దీని మీద బ్యారియర్ లేయర్ లెక్క వేయించండి. 10 మీటర్ల దగ్గరి విలువతో పోల్చి, సాంద్రత 0.03 కిలోలు/ఘనమీటరు పెరిగిన లోతు మిశ్రమ పొర అడుగు. ఉష్ణోగ్రత 0.2 డిగ్రీలు తగ్గిన లోతు సమోష్ణ పొర అడుగు. రెంటి మధ్య ఉన్నదే బ్యారియర్ లేయర్. నదుల మంచినీళ్లు పైన పరుచుకోవడం వల్ల మన సముద్రంలో ఇది మందంగా ఉంటుంది. చలికాలంలో ఉత్తర బంగాళాఖాతంలో కింది నీళ్లు పై నీళ్లకన్నా వెచ్చగా ఉంటాయి. అప్పుడు "0.2 తేడా" అని ప్రోగ్రాం రాస్తే పెరిగిన చోటే ఆగిపోయి తప్పు లోతు ఇస్తుంది. "0.2 తగ్గుదల" అని రాయాలి. ఈ చిన్న మాట తేడాతో వారం పోగొట్టుకున్న థీసిస్‌లు ఉంటాయి.

ఉప్పునీరు

డేటా మాట సరే. కానీ బయాలజీ పిల్లలను పూర్తిగా కంప్యూటర్ ముందు కూర్చోబెడితే, అంకె ఎలా పుడుతుందో తెలియకుండానే దాని మంచిచెడ్డలు మాట్లాడతారు. డబ్బులో పెద్ద భాగం గాజుసామాను, రసాయనాలు, ఫిల్టర్ల మీద పెట్టి, జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఒడ్డు దగ్గర ఒకే చోట వారం వారం నీళ్లు తీయించండి. మార్చి, ఏప్రిల్‌లో విశాఖ తీరంలో లోతు నీళ్లు పైకి వస్తాయి. ఉష్ణోగ్రత తగ్గడం, కరిగిన ఆక్సిజన్ తగ్గడం, పోషకాలు పెరగడం మీ సొంత కొలతల్లోనే పట్టుబడవచ్చు. అక్టోబరు–నవంబరులో తీస్తే కథ వేరు, నదుల నీళ్లు ఒడ్డు వెంబడి దక్షిణానికి దిగుతూ లవణీయతను పడగొడతాయి. మీ సెమిస్టర్‌కు అది అందదు.

ప్రతిసారీ ఆటుపోటు ఒకే దశలో ఉన్నప్పుడు తీయాలి. విశాఖ దగ్గర పెద్ద పోటు రోజుల్లో మట్టం తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. ఒకవారం పోటులో, మరోవారం పాటులో తీస్తే మీరు కొలిచేది రుతువును కాదు, గెడ్డ మురుగునీటి రాకపోకలను.

వింక్లర్ పద్ధతిలో ఆక్సిజన్: 125 మి.లీ. సీసా అడుగు దాకా రబ్బరు గొట్టం పెట్టి, బుడగ లేకుండా నింపి, సీసాకు రెండు మూడింతల నీరు పొర్లిపోనివ్వండి. మాంగనీస్ ద్రావణం 1 మి.లీ., తర్వాత క్షార అయోడైడ్ 1 మి.లీ., రెండూ పిపెట్ కొన నీళ్లలో మునిగి ఉండగానే వదలాలి. మూతపెట్టి తలకిందులు చేసి కలపాలి. అవక్షేపం సగానికి దిగాక మళ్లీ ఒకసారి కలపాలి. ఆమ్లం వేసేది ల్యాబ్‌కు వచ్చాకే. 50 మి.లీ. తీసుకుని 0.01 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేస్తే, ఖర్చైన ప్రతి 1 మి.లీ.కి లీటరుకు 1.6 మి.గ్రా. ఆక్సిజన్. 28 డిగ్రీల దగ్గర, లవణీయత 34 ఉన్న నీళ్లలో సంతృప్త విలువ 6.4 చుట్టుపక్కల. అంటే బ్యూరెట్ నాలుగు మి.లీ. దగ్గర ఆగాలి. మీవాళ్లకు 9 మి.గ్రా. వచ్చిందంటే, శైవలాల పూత ఉంటే తప్ప, ముందు అనుమానించాల్సింది బుడగనీ థయోసల్ఫేట్ బలాన్నీ. థయోసల్ఫేట్ నిలవుంటే బలం మారుతుంది కాబట్టి వాడే రోజే పొటాషియం అయోడేట్‌తో ప్రామాణీకరించాలి. గంజి ద్రావణం తాజాగా చేసుకోవాలి, అదీ లేత పసుపు రంగు వచ్చాకే వేయాలి. ముందే వేస్తే అయోడిన్‌ను పట్టుకుని ముగింపు బిందువు సాగుతుంది. మురుగు కలిసే చోట నైట్రైట్ ఎక్కువ ఉంటుంది కాబట్టి అజైడ్ చేర్చిన క్షార ద్రావణం వాడండి. అజైడ్ విషం, అది పిల్లల చేత కలిపించొద్దు.

క్లోరోఫిల్: ఒడ్డు నీళ్లు అర లీటరు నుంచి లీటరు దాకా జీఎఫ్/ఎఫ్ (గాజు పీచు) ఫిల్టర్ మీద వడకట్టాలి, పీల్చే ఒత్తిడి 150 మి.మీ. పాదరసం దాటకుండా. గబగబా లాగేస్తే కణాలు పగిలి పచ్చదనం కిందికి కారిపోతుంది. 90 శాతం అసిటోన్ 10 మి.లీ.లో చీకట్లో, ఫ్రిజ్‌లో ఒక రాత్రంతా ఉంచి, సెంట్రిఫ్యూజ్ చేసి 630, 647, 664, 750 నానోమీటర్ల దగ్గర చదవాలి. 750 దగ్గరి విలువ మురికిది, దాన్ని మిగతా మూడింటిలోంచి తీసేయాలి. ఆపై, ఆయా నానోమీటర్ల దగ్గర వచ్చిన విలువలతో, 11.85 × 664 − 1.54 × 647 − 0.08 × 630. వచ్చినదాన్ని అసిటోన్ మి.లీ.తో హెచ్చించి, వడకట్టిన లీటర్లతోనూ క్యూవెట్ సెం.మీ.తోనూ భాగిస్తే లీటరుకు మైక్రోగ్రాములు. 750 దగ్గర 0.005 దాటిందంటే సెంట్రిఫ్యూజ్ సరిగా తిరగలేదని అర్థం, మళ్లీ తిప్పండి. ట్యూబ్ లైట్ వెలుగులో ఫిల్టర్లు ఆరబెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మాన్పించండి.

రిఫ్రాక్టోమీటర్ గురించి ఒక్క మాట: అది ఒక యూనిట్ అటూ ఇటూ చూపిస్తుంది. దాంతో "లవణీయత 33.47" అని థీసిస్‌లో రాస్తే పరీక్షకుడు నవ్వుతాడు.

రేవుగట్టు

పై ఇద్దరూ పడవను పక్కన పెట్టేశారు. నేను ఒప్పుకోను. జీవితంలో ఒక్కసారి కూడా కదిలే పడవ మీద సీసా మూయని మనిషిని ఓడ ఎక్కిస్తే మొదటి రెండు రోజులు వాంతులతోనే పోతాయి, ఆ తర్వాత లాగ్‌షీట్ తప్పులు. అయితే 14 మందినీ ఒకేసారి కాదు, ఐదుగురు చొప్పున మూడు అరపూటలు. జనవరి నుంచి మార్చి మధ్య సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తెల్లవారుజామునే బయలుదేరి, సముద్రపు గాలి పుంజుకోకముందే పదిన్నరకల్లా ఒడ్డుకు రావాలి. లైఫ్ జాకెట్ తలకొకటి, మత్స్యశాఖకూ మెరైన్ పోలీసులకూ ముందుగా రాతపూర్వక సమాచారం, ముందురోజు సాయంత్రం వాతావరణశాఖ మత్స్యకారుల హెచ్చరిక చూడటం. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ప్రయాణం మానేయండి. అద్దె మాట్లాడేటప్పుడే బీమా సంగతి తేల్చుకోండి.

ఏం చేయించాలంటే: నిస్కిన్ దించేటప్పుడు తాడు వాలును కోణమానినితో కొలిపించండి. తాడు 50 మీటర్లు వదిలి, వాలు 30 డిగ్రీలుంటే సీసా ఉన్నది 43 మీటర్ల దగ్గరే. మెసెంజర్ (తాడు మీదుగా జారి సీసాను మూసే బరువు) వదిలే ముందు నిమిషం రెండు నిమిషాలు ఆగాలి. పైకి తెచ్చాక గాలి స్క్రూ తెరవకుండా కింది కుళాయి తెరవండి. నీళ్లు కారాయంటే సీసా లీకు, ఆ నమూనా వదిలేయాల్సిందే. కారకపోతే ముందుగా ఆక్సిజన్ సీసాలు నింపాలి, తర్వాత పీహెచ్, క్షారత, ఆపైన పోషకాలు, లవణీయత చివర. ఈ వరుస ఓడ మీదా ఇదే. సెచ్చి డిస్క్ (నీటి పారదర్శకత చూసే పళ్లెం) పడవ నీడ ఉన్న వైపే చూడాలి, చలువ కళ్లద్దాలు తీసి. లాగ్‌షీట్ పెన్సిల్‌తో రాయాలి. పెన్ను రాత తడిస్తే మిగిలేది నీలి మరకే. సమయం ఐఎస్‌టీనా, జీఎంటీనా అని షీటు పైనే రాయించండి. ఐదున్నర గంటల ఈ గందరగోళం పెద్ద పెద్ద డేటాసెట్లలో కూడా కనిపిస్తుంది.

కానగంత

ప్రాజెక్టుల్లో చేపల మీద ఎవరైనా తీసుకుంటే క్యాలెండర్ ముందు చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. జనవరిలో మొదలుపెట్టినవాళ్లకు నికరంగా మూడున్నర నెలల డేటానే. పెరుగుదల రేటు, మరణాల రేటు లాంటి శీర్షికలు దానికి చాలవు. పొడవు–బరువు సంబంధం, ఆహారపు అలవాట్లు, సంతానోత్పత్తి దశ అయితే సరిపోతుంది.

రేవులో కొలతలు తీసేటప్పుడు జరిగే పెద్ద మోసం మనకు మనమే చేసుకునేది. చేపలు అప్పటికే సైజువారీగా బుట్టల్లో వేరుచేసి ఉంటాయి. దగ్గర్లో ఉన్న బుట్ట కొలిచేసి "పట్టుబడి సగటు పొడవు" అని రాస్తారు. ప్రతి సైజు బుట్టలోంచీ కొన్ని తీయాలి. తీసిన నమూనా బరువు, ఆ రకం మొత్తం బరువు రెండూ రాసుకుని, ఆ నిష్పత్తితో పైకి లెక్కగట్టాలి. పొడవు ఏదో కూడా రాయాలి: మామూలు చేపలకు మొత్తం పొడవు, ట్యూనాలకు తోక చీలిక దాకా, రొయ్యలకు తలడొప్ప. పేరు విషయంలో బెస్తవారి మాట వినండి గానీ దానితోనే ఆగిపోకండి. 'కవళ్లు' అంటే ఒక జాతి కాదు, సార్డినెల్లాలు చాలా ఉన్నాయి. మొప్పల ముళ్లు లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి. విశాఖలోనే సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) కేంద్రం, ఫిషరీ సర్వే స్థావరం ఉన్నాయి. ఒక్కరోజు గుర్తింపు శిక్షణకు శాఖాధిపతి ఉత్తరంతో అడిగి చూడండి.

గట్టుమీది గుమస్తా

ఇక అవకాశాల సంగతి. కోచింగ్ మీద లక్షన్నర పెట్టొద్దు, కానీ పరీక్షల రూపురేఖలు పిల్లలకు తెలియాలి. చాలామందికి తెలియనిది: సీఎస్‌ఐఆర్ నెట్ ఎర్త్ సైన్సెస్ పేపర్లో మూడో భాగంలో సముద్ర శాస్త్రం విడిగా ఉంది. ఆ భాగంలో 80 ప్రశ్నలకు 25 రాస్తే చాలు, ఒక్కోటి 4 మార్కులు, తప్పుకు 33 శాతం కోత. మీ దగ్గర కెమిస్ట్రీ, గణితం పర్వాలేదనుకున్న ముగ్గురు నలుగురు లైఫ్ సైన్సెస్ గుంపులో నలిగే బదులు ఇటు చూడొచ్చు. అయితే రెండో భాగంలో భూగర్భ శాస్త్రం, వాతావరణం కూడా వస్తాయి, ఆరు నెలలు కూర్చోవాలి. గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్లో వాతావరణ–సముద్ర శాస్త్రాల విభాగం ఉంది, కాకపోతే ఇంజినీరింగ్ గణితం తప్పనిసరి, బయాలజీ పిల్లలకు కష్టం. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, ఆపై ఇంటి అద్దె భత్యం. ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర శాస్త్ర సంస్థ)లో చేరితే పీహెచ్‌డీ డిగ్రీ ఏసీఎస్‌ఐఆర్ (సీఎస్‌ఐఆర్ సంస్థల అకాడమీ) ఇస్తుంది. యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చేవాళ్లకు ఇన్‌స్పైర్ ఫెలోషిప్ దారి వేరే ఉంది. ర్యాంకు ధ్రువపత్రం యూనివర్సిటీ నుంచి ఆలస్యంగా రావడం వల్లే దరఖాస్తులు మురిగిపోతాయి, ముందే అడిగి పెట్టుకోండి.

హైదరాబాద్ ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఆవరణలో ఉన్న ఐటీసీఓషన్ అనే శిక్షణ కేంద్రం యునెస్కో కేటగిరీ–2 కేంద్రం. సముద్ర డేటా, రిమోట్ సెన్సింగ్, ముందస్తు సూచనల మీద చిన్న కోర్సులు అక్కడ జరుగుతుంటాయి. 14 మందినీ పంపే చోటు కాదిది, దరఖాస్తు చేసి ఎంపిక కావాలి. "నాకు సముద్రమంటే ఇష్టం" అని రాసినవి పక్కకు పోతాయి. "విశాఖ దగ్గర 12 వారాల ఆక్సిజన్, క్లోరోఫిల్ కొలతలున్నాయి, వాటిని ఉపగ్రహ క్లోరోఫిల్‌తో పోల్చాలి" అని రాసినవి నిలబడతాయి. పై జవాబుల్లో చెప్పిన పని ముందు చేయమనేది ఇందుకే. ఓషన్ టీచర్ వేదిక మీద ఇంట్లో కూర్చుని చేసే కోర్సులు కూడా ఉన్నాయి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ రెండు నెలలది, దానికి అధ్యాపకులు కూడా అర్హులే. మీరే ఒక వేసవి వెళ్లొస్తే ఇకపై వచ్చే బ్యాచ్‌లకు పనికొస్తుంది.

విదేశాల వైపు చూసేవాళ్లకు రెండు పేర్లు. ఘెంట్ యూనివర్సిటీ సమన్వయం చేసే ఇంబ్ర్‌సీ (సముద్ర జీవ వనరుల) మాస్టర్స్, ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ దొరికితే నెలకు 1,400 యూరోలు. పీహెచ్‌డీలో చేరాక పోగో–స్కోర్ ఫెలోషిప్, ఒకటి నుంచి మూడు నెలలు వేరే దేశపు ల్యాబ్‌లో పని. రెండోదానికి అక్కడి శాస్త్రవేత్త అంగీకార పత్రం ముందే చేతిలో ఉండాలి, అది తెప్పించుకోవడమే అసలు పని.

తీరగాలి

అందరికీ ధన్యవాదాలు. ఇలా అనుకుంటున్నాం: వారం వారం ఒడ్డు నమూనాలు, మూడు అరపూటల పడవ, శనివారాలు కంప్యూటర్ అభ్యాసాలు. ఒక చిక్కు ఉంది. 14 మంది 14 రకాలుగా టైట్రేట్ చేస్తే వారానికో మనిషి మారినప్పుడు వచ్చే తేడా సముద్రానిదా, మనిషిదా అని ఎలా తెలుస్తుంది?

ఉప్పునీరు

సరైన చోట పట్టుకున్నారు. ముగ్గురు చొప్పున జట్లు కట్టి (ఒక జట్టులో ఇద్దరే ఉంటారు) వారాలు మార్చండి, కానీ మొదటి సీసా ముట్టుకునే ముందు ఒక రోజంతా దీనికే కేటాయించండి. ఒకే బకెట్ నీళ్లను సైఫన్‌తో 28 సీసాల్లోకి నింపి, తలా రెండు ఇవ్వండి. ఎవరి రెండు సీసాల మధ్య తేడా లీటరుకు 0.1 మి.గ్రా. దాటుతుందో వాళ్లు మళ్లీ చేయాలి. అందరి మధ్య వచ్చే చెదురును ప్రామాణిక విచలనంగా కట్టి రాసి ఉంచుకోండి. వారాల మధ్య కనిపించే మార్పు దానికి రెండింతలకన్నా తక్కువైతే దాని గురించి మాట్లాడకూడదు. సీసాల పరిమాణం కూడా ఒక్కోదానిదీ తూచి, సీసా మీదా మూత మీదా ఒకే నంబరు చెక్కించండి. మూతలు మారితే పరిమాణం మారుతుంది.

లోతుపాతు

చివరిలో ఆ పట్టికను, వాడిన పద్ధతి, ఆ విచలనం, నమూనా తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భాండాగారంలో పెట్టండి. ఉచితం, డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) వస్తుంది. 14 పేర్లూ రాయండి. ముడి లాగ్‌షీట్ల స్కాన్‌లు కూడా అందులోనే ఉంచండి, దిద్దుళ్లతో సహా, శుభ్రంగా తిరగరాసినవి కాదు.